జానెడు ఎత్తున ఊపిరి

కరకట్ట కట్టిన 61వ ఏడు. కొత్తమెరక నగరం, గోడల పరీక్ష పుస్తకం.
రాస్తున్నది: హైమావతి, గోడల పరీక్షకురాలు.

వైశాఖం 4. గాలిలో తేమ 71.

ఉదయం గోడ కొలిచే సూదులను చింతపండు నీళ్లలో మరిగించి, తుడిచి, కర్రకు బిగించాను. ఆరో వరుసలో పదహారు ఇళ్లు చూశాను. పదమూడింట గోడ గట్టిగా, లేత ఆకుపచ్చగా ఉంది. రెండింట పొడి రాలుతోంది. పదహారో ఇంట్లో పిల్లవాడు గోడను నాకుతున్నాడని తల్లి చెప్పింది. నాచుసున్నం వల్ల హాని లేదని, అయినా నాకనివ్వవద్దని చెప్పాను.

మధ్యాహ్నం నగరసభ ముందు ఖాళీ ఇళ్ల జాబితా అతికించారు. మొత్తం మూడు వందల పన్నెండు ఇళ్లు. ప్రతి ఇంటి పక్కన, గోడ ఎంత ఊపిరి తాగిందో చెప్పే నా కొలత, నా పొట్టి సంతకం. ఇంటి సంఖ్య కింద రేవు షెడ్లలో ఉంటున్న కుటుంబాల చీటీ సంఖ్య కూడా వేశారు. ఒకటో ఇంటికి ఒకటో చీటీ, అలా చివరిదాకా. ఖాళీ ఇళ్లను ఈ కుటుంబాలకు ఇచ్చే నిబంధన ఇంకా చర్చలోనే ఉంది. మూడు సభలు జరగాలి, ఆ తర్వాత నగరసభ సభ్యులు చేతులెత్తాలి. ఆమోదిస్తే జ్యేష్ఠం ఒకటిన తాళాలు మారతాయి.

నిబంధన అవసరమే. మనిషి ఊపిరి తగలని ఇంట్లో నాచుసున్నం గోడ మూడు నెలల్లో పొడి అవుతుంది. ఆ గోడ పక్కింటిదీ కనుక పక్కిల్లూ కదులుతుంది. పోయిన వానల్లో తొమ్మిదో వరుసలో మూడు ఇళ్లు అలాగే కూలాయి. మొదటిదే ఖాళీది. తక్కిన రెండింటిలో మనుషులున్నారు.

జాబితా ఇచ్చే ముందు మూడుసార్లు సరిచూశాను. తప్పు లేదు. మోకాళ్లకు నూనె రాసుకుని పడుకుంటాను.

వైశాఖం 9. తేమ 74.

మొదటి సభ. మంటపం నిండిపోయి మెట్ల మీద కూడా కూర్చున్నారు. షెడ్ల వాళ్లు ఎడమ పక్క, ఇళ్ల యజమానులు కుడి పక్క. నీళ్ల కుండ మధ్యలో ఉండటం వల్ల రెండు పక్షాలూ అక్కడ మాత్రం కలిశాయి.

వాదమంతా నాలుగో అంశం మీదే సాగింది: "నివాసం విషయంలో మనిషి మాట చెల్లదు, గోడ కొలతే చెల్లుతుంది." ఈ అంశం ఊరికే రాలేదు. నిరుడు నాలుగు వందల మంది యజమానులు తమ ఇళ్లలోనే ఉంటున్నామని ప్రమాణం చేశారు. వారిలో ఒకాయన ఒకే రాత్రి మూడు వరుసల్లో మూడు ఇళ్లలో నిద్రపోయినట్టు తేలింది.

సర్వేశ్వరరావు గారు లేచారు. ఆయనకు పదకొండు ఇళ్లున్నాయి. పదకొండూ నా పుస్తకంలో నివాసాలే. ముప్పై నాలుగుకు తక్కువ కొలత ఒక్కటీ లేదు. "ఈ నిబంధన అన్యాయమని నా అభిప్రాయం. అయినా నా ఇళ్ల గురించి అనుమానం ఉంటే నన్నడగొద్దు, గోడనే అడగండి" అని నవ్వి కూర్చున్నారు.

ఎడమ పక్క నుంచి ఎవరో, "గోడకి చెవులే కాదండోయ్, తవరి పేరున నోరు కూడా ఉందండి!" అన్నారు. సభ నవ్వింది.

అప్పుడు వెనక నుంచి ఒకామె ముందుకొచ్చింది. నలభై దాటి ఉంటుంది. కరకట్ట కూలీలు వేసుకునే రబ్బరు చెప్పులు, మోచేతుల దాకా ఆరిన ఉప్పుమట్టి. పేరు ముత్యాలు అని చెప్పింది. ఆరో వరుస, నలభై ఒకటో ఇల్లు.

"నా ఇల్లు కాళీ అనీసి రాసినారు. నానందులోనే ఉంటన్నాను గదమ్మా. పదకొండేళ్లయింది."

నగరసభ అధ్యక్షురాలు జాబితా చూసి, గోడ కొలత పదకొండు అనీ, ఇరవై దాటితేనే నివాసమనీ చెప్పారు.

"కొలత సంగతి నాకేటి తెల్సు? మడిసిని ఎదురుగుండా నిలబడున్నాను."

"మనిషి మాట చెల్లదమ్మా. మీ ఒక్కరి విషయంలోనే కాదు, ఎవరి మాటా చెల్లదు."

ముత్యాలు నా వైపు తిరిగింది. నన్ను ఆ వరుసల్లో గోడల డాక్టరమ్మ అంటారు. "డాక్టరమ్మా, నాను బతికే ఉన్నానని ఆ గోడకి తవరే కాస్త సెప్పండి."

ఈసారి కూడా సభ నవ్వింది. ఆమె మాత్రం నవ్వలేదు. రేపు వచ్చి మళ్లీ కొలుస్తానని చెప్పాను. అబద్ధమాడేవాళ్లు సాధారణంగా రావద్దంటారు. ఆమె, "పొద్దున్నే బేగి రండి, ఏడుకి పనికెల్లిపోతాను" అంది.

వైశాఖం 10. తేమ 74.

ఆరున్నరకు నలభై ఒకటో ఇంటికి చేరాను. ఒకే గది. తాడు మీద రెండు చీరలు, ఒక తగరపు పెట్టె, మూలకు చుట్టి నిలబెట్టిన చాప. పొయ్యి లేదు. పొద్దున, సాయంత్రం కూడా కట్ట మీద వంటశాలలోనే తింటుందట. "ఒక్క పేనానికి పొయ్యెందుకమ్మా? ఒచ్చీసి తొంగుంటాను, లెగిసి ఎల్లిపోతాను."

కర్ర గోడకు ఆనించి చూశాను. మధ్య సూది పదకొండు. పై సూది ఏడు. పుస్తకంలో ఉన్నదే మళ్లీ వచ్చింది. పక్క గోడ కూడా కొలిచాను. పది.

ఆ సమయంలో గుమ్మం దగ్గర దగ్గు వినిపించింది. పొడుగాటి మనిషి, యాభై ఏళ్లుంటాయి, చేతిలో ముడులు వేసిన తాడు. నమస్కారం పెట్టి, తన పేరు వెంకటరత్నమనీ, రేవు షెడ్డులో ఉంటామనీ, తన చీటీ 203 అనీ చెప్పాడు. ఆ చీటీకి రాసిన ఇల్లు ఇదే.

"ఖాళీ ఇల్లే కదాని, మా రోలు గుమ్మంలో పట్టుద్దో లేదో కొలుచుకుందామని వచ్చానండి. లోపల మనుషులున్నారని తెలీదండి, ఆయ్."

"మడుసులు నేరు, గోడ సెప్పింది గదా" అంది ముత్యాలు. "రా బాబూ, కొలుసుకో. నాను కనబడతన్నానా నీకు?"

"కనబడుతున్నారండి."

"అయితే నీకొక్కడికే కనబడతన్నాను."

ఆయన తాడు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.  లంకలు మునిగి ఏడేళ్లయిందని, షెడ్డులో ఇరవై కుటుంబాలకు ఒకటే రోలని, అది తమదేనని, అడిగినవాళ్లందరికీ లేదనలేక తన భార్య పప్పు రాత్రే నానబెట్టి తెల్లారి నాలుగింటికి రుబ్బుతోందని ఆయన చెప్పాడు. ఫిర్యాదుగా చెప్పలేదు. గుమ్మంలో ఏదో ఒకటి మాట్లాడాలి కనుక చెప్పాడు.

ముత్యాలు పనికి వెళ్లే ముందు చాపను పక్కకు జరిపి నేల తుడిచింది. చాప నిలబెట్టిన మూలలో, నేలకు జానెడు ఎత్తున, గోడ మీద నా చూపు ఆగింది. అక్కడ నాచు దట్టంగా, ముదురాకు రంగులో, తలగడంత వెడల్పున పెరిగి ఉంది. వేలితో తట్టాను. రాయిలా మోగింది.

"మీరు తల ఎటు పెట్టి పడుకుంటారు?" అని అడిగాను.

"అటే" అంది ముత్యాలు, ఆ పచ్చదనం వైపు చూపించి.

వైశాఖం 11.

పాత పుస్తకాలు తీశాను. ఈ పేజీ ఎవరైనా చదివేటట్టయితే నిదానంగా చదవాలని కోరుతున్నాను.

నా కర్రకు మొదట మూడు సూదులుండేవి: జానెడు ఎత్తున ఒకటి, రెండున్నర అడుగుల ఎత్తున ఒకటి, అయిదడుగుల ఎత్తున ఒకటి. నాచుసున్నం మూరెడు దూరంలోని ఊపిరినే తాగుతుంది, అంతకు మించి దానికి అందదు. అందుకే మూడు ఎత్తులు. 52వ ఏట నేను అధికారుల నివాసాల్లో ఇరవై ఇళ్లు పరీక్షించి, కింది సూదికీ మధ్య సూదికీ రెండు అంకెలకు మించి తేడా లేదని నిర్ధారించాను. "కింది సూది అనవసరం" అని రాశాను. అక్షరాలు నావే. తీసేసి పెట్టెలో పెట్టాను.

అధికారుల నివాసాల్లో అందరూ మంచాల మీద పడుకుంటారు. నేనూ మంచం మీదే పడుకుంటాను.

ఇంకొకటి కూడా రాయాలి. 52వ ఏడు నా మోకాళ్లు నొప్పి మొదలైన ఏడు. కింది సూది చదవాలంటే ప్రతి గోడ దగ్గరా వంగి, ఇంచుమించు నేల మీద కూర్చోవాలి. నేను సులువు కోసం పరీక్ష చేశానని అనుకోను. కానీ ఆ ఫలితం వచ్చినప్పుడు సంతోషించాను. సంతోషం కలిగించిన ఫలితాన్ని మరొకసారి చూడాలన్న నియమం నాకు తెలుసు. చూడలేదు.

పిల్లలున్న ఇళ్లలో, వంట చేసే ఇళ్లలో, మాటలు నడిచే ఇళ్లలో మధ్య సూది ఇరవై దాటుతుంది. ఇబ్బంది అంతా నేల మీద పడుకుని, పగలంతా బయట ఉండి, ఇంట్లో మాట్లాడటానికి ఎవరూ లేనివాళ్లకే. వాళ్ల ఊపిరి జానెడు ఎత్తు దాటి పైకి రాదు.

కింది సూది పెట్టెలోనే ఉంది. తుప్పు పట్టింది. చింతపండు నీళ్లలో నానబెట్టాను.

వైశాఖం 12. తేమ 77.

మూడు వందల పన్నెండు ఇళ్లూ తిరిగి కొలవాలి. ఉదయం అయిదో ఇంటి దగ్గరే మోకాలు పట్టేసింది. గోడ పట్టుకుని లేస్తూ ఉండగా వెంకటరత్నం కనిపించాడు. ముత్యాలు ఇంటి సంగతి ఏమైందో తెలుసుకుందామని వచ్చాడట.

దాచకుండా చెప్పాను. నా తప్పు వల్ల కొన్ని ఇళ్లు జాబితాలోకి వచ్చాయని, అవి తీసేస్తే మిగిలిన ఇళ్లు ఒకటో చీటీ నుంచి వరసగా పంచుతారని, చివరి చీటీలకు ఇల్లు మిగలదని, ఆయనది కూడా అందులో పడవచ్చని.

"ఎన్ని తీసేస్తారండి?"

"కొలిస్తేగాని తెలియదు."

ఆయన కర్ర అందుకున్నాడు. "నేను సూది ఆనించి కర్ర పైకి అందిస్తాను, తమరు అంకె చదవండి. నేను వంగుతానులెండి."

"మీ ఇల్లు పోవచ్చని చెప్పాను కదా."

"విన్నానండి." ఒక మోకాలు నేలకు ఆనించి సూది ఆ ఇంటి గోడకు పెట్టాడు. "మా లంక మునిగిన రోజున పడవలు రాలేదండి. ఎందుకు రాలేదంటే, పుస్తకంలో మా ఊరు మెరక మీద ఉన్నట్టు రాసుందటండి. మేం నడుంలోతు నీళ్లలో నిలబడి కబురు పంపితే, మీ ఊరు మునగదు, పుస్తకంలో ఉంది అన్నారండి." కర్ర తీసి నాకు అందించాడు. "ఆవిణ్ణి షెడ్డుకి పంపి ఆవిడింట్లో రోలేసుకుంటే పప్పు రుబ్బబుద్ధవుద్దాండి? ఎంతొచ్చిందండి?"

"నలభై ఆరు."

"అంటే ఉన్నట్టేనా అండి?"

"ఉన్నట్టే."

"రాసుకోండి మరి."

వైశాఖం 16. తేమ 75.

రెండో సభ. లెక్క సగమే అయింది. సగం లెక్కతో మాట్లాడటం మరో తప్పు అవుతుంది కనుక, మూడో సభలో మాట్లాడేందుకు అనుమతి అడిగి తీసుకున్నాను. బయట మెట్ల దగ్గర ముత్యాలు ఆపి, "నాది తేలిందా డాక్టరమ్మా?" అంది. మీ గోడ కింద యాభై మూడు పలికిందని చెప్పాను.  ఆమె, "మరి ఆ సంగతి ఆ మంటపంలోన ఎప్పుడు సెప్తారు?" అంది. ఇరవై మూడున అన్నాను. "అంతదాకా సామాన్లు మూట కట్టీమంటారా, వొద్దంటారా?" వద్దన్నాను. అలా చెప్పే అధికారం నాకు లేదు.

వైశాఖం 21. తేమ 79.

ఈ రోజుతో ముగిసింది. మూడు వందల పన్నెండులో నూట పదిహేను ఇళ్లలో మనుషులున్నారు. అందరూ ఒంటరివాళ్లో, ఇద్దరే ఉండి వేరు వేరు వేళల్లో పనికి వెళ్లేవాళ్లో. నిజంగా ఖాళీవి నూట తొంభై ఏడు.

ఆఖరి ఇంటి ముందు వెంకటరత్నం మోకాళ్ల మట్టి దులుపుకుంటూ అంకె అడిగాడు. చెప్పాను. ఆయన వేళ్ల మీద లెక్క వేసుకోలేదు, ముందే వేసుకుని ఉంటాడు.

"రెండొందల మూడు నాదండి. ఆరిళ్లు తగ్గాయి."

"అవును."

"ఆరే కదండి" అన్నాడు. కర్ర తుడిచి నాకు ఇచ్చాడు. "ఆరు వందలైతే ఆశుండదండి. ఆరు తగ్గినప్పుడే నిద్ర పట్టదు."

  ఆయన రేవు దారి పట్టాడు. నేను చాలాసేపు వరుస చివర మెట్టు మీద కూర్చున్నాను.

వైశాఖం 23. తేమ 80.

మూడో సభ. నా తప్పును ఈ పుస్తకంలో రాసిన క్రమంలోనే చదివాను: సూది, మంచాలు, 52వ ఏడు, మోకాళ్లు. మోకాళ్ల సంగతి వదిలేయవచ్చని అధ్యక్షురాలు మెల్లగా అన్నారు. వదలలేదు.

జాబితా నుంచి తీయాల్సిన నూట పదిహేను ఇళ్ల సంఖ్యలు చదువుతుంటే మంటపంలో ఎడమ పక్క జనం తమ చీటీలు తీసి చూసుకున్నారు. 198 నుంచి 312 దాకా చీటీలున్న వాళ్లంతా అక్కడే ఉన్నారు. ఒకాయన లేచి, "మాకు చూపించి లాక్కున్నారండి! చూపించకుండా ఉంటే పోయేదిగా!" అన్నాడు. ఆయన మాట నిజం. 

సర్వేశ్వరరావు గారు లేచారు. ఆయన గొంతులో నా పట్ల జాలి కూడా ఉంది. "హైమావతి గారి నిజాయితీకి నమస్కారం. తొమ్మిదేళ్లుగా గోడ అబద్ధం చెబుతోందని ఆమే ఒప్పుకున్నారు. అబద్ధమాడే సాక్షిని నమ్మి ఇళ్లు ఎలా పంచుతారు? నిబంధన రద్దు చేయండి. వచ్చే ఏడు చూద్దాం."

కుడి పక్క చప్పట్లు మోగాయి. ఎడమ పక్కన కూడా కొందరు, కోపంతో, చప్పట్లు కొట్టారు.

నేను కూర్చోలేదు. "గోడ అబద్ధం చెప్పలేదు. అది జానెడు ఎత్తున చెప్పింది, నేను వంగి వినలేదు. తప్పు నాది. దాన్ని గోడ మీదకు నెట్టడానికి నేను ఒప్పుకోను."

తర్వాత రెండో కాగితం తీశాను. ఈ తప్పు ఒక వైపే జరిగి ఉంటుందని అనుకోవడానికి ఆధారం లేదని చెప్పాను. నేల మీద నిద్రపోయే మనిషిని మధ్య సూది చూడలేకపోతే, కుర్చీలో కూర్చుని పగలంతా మాట్లాడే మనిషిని అది ఎక్కువగా చూస్తుంది. ఎవరూ నిద్రపోని ఇల్లు, పగలు జనం కూర్చుంటే చాలు, నా పుస్తకంలో నివాసం అయిపోతుంది. అలాంటివి ఉన్నాయో లేవో, ఉంటే ఎన్నో, నాకు తెలియదు. నివాసమని రాసిన పద్దెనిమిది వందల ఇళ్లనూ మూడు ఎత్తుల్లో తిరిగి కొలవడానికి అరవై రోజులు కావాలి. ఆలోగా తేలిన నూట తొంభై ఏడు ఇళ్లను ఆపవద్దని కోరాను.

సర్వేశ్వరరావు గారు నీళ్ల కుండ దగ్గరకు వెళ్లారు. 

అధ్యక్షురాలు నాలుగో అంశానికి ఒక వాక్యం చేర్చారు: కొలతకు ముందు ఇంటి మనిషి మాటా, పక్కింటి మనిషి మాటా వినాలి, రెండూ కొలతతో పొసగకపోతే మళ్లీ కొలవాలి. ముత్యాలు నిలబడి, "అయితే నాను ఉన్నట్టేనా?" అని అడిగింది.

"ఉన్నట్టే" అన్నారు అధ్యక్షురాలు.

"పెద్ద తేడా ఏటీ తెలీట్లేదు. నిన్న కూడా ఇలాగే ఉన్నాను" అంది ముత్యాలు. ఈసారి నవ్విన వాళ్లలో ఆమె కూడా ఉంది.

సభ్యులు చేతులెత్తారు. పదిహేడు అనుకూలం, పదహారు వ్యతిరేకం. నిబంధన నెగ్గింది. నా సంతకం ఒక్కటే చాలదని, ఇక మీదట ప్రతి కొలతకూ మరొకరి సంతకం కావాలని కూడా తీర్మానించారు. సబబే.

ఇంటికి నడవడానికి రోజూ పట్టేదానికన్నా ఎక్కువసేపు పట్టింది.

జ్యేష్ఠం 1.

నూట తొంభై ఏడు తాళాలు మారాయి. వరుసల్లో రోజంతా మూటలు, కోళ్లు, కుండలు. నేను వెళ్లలేదు. సూదులు మరిగించాను.

జ్యేష్ఠం 2. తేమ 82.

రెండో సంతకానికి సభ వెంకటరత్నాన్ని నియమించింది. షెడ్ల వాళ్లే ఆయన పేరు ఇచ్చారట. ఇళ్లు కోరుకునే మనిషి కొలతకు సాక్షి ఏమిటని కొందరు అభ్యంతరం చెప్పారట. నూట పదిహేను ఇళ్లు పోగొట్టుకుంటూ సూది పట్టుకున్నది ఆయనే అని అధ్యక్షురాలు అన్నారట. నేను అక్కడ లేను. ఈ మాట ఆయనే, కొంచెం సిగ్గుపడుతూ చెప్పాడు.

రెండో వరుసతో మొదలుపెట్టాం. వరుస క్రమంలోనే వెళ్లాం, ఎవరి ఇల్లనీ ఎంచుకోలేదు. పదిహేను ఇళ్లు మామూలుగానే ఉన్నాయి. పదహారోది సర్వేశ్వరరావు గారిది. మనిషి మాట ముందు వినాలి కనుక తలుపు తట్టాం. లోపల రెండు బల్లలు, ఎనిమిది కుర్చీలు, పేకాడుతున్న ఏడుగురు. ఎవరు ఉంటారని అడిగితే, "మేమేనండి" అన్నారు. ఎక్కడ పడుకుంటారని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పక్కింటామె గుమ్మంలోంచి, "పడుకుంటారా? ఆరింటికి తాళమేసి ఎల్లిపోతారు, సామీ! ఏడాదయి సూత్తన్నాను, నన్నెవులూ అడగలేదు" అంది.

మధ్య సూది ముప్పై ఆరు.

కింది సూది చదవడానికి నేనే వంగాలనుకున్నాను. సంచిలోంచి చాప ముక్క తీశాను. ఉదయం దారిలో ముత్యాలు ఇచ్చింది, తన పాత చాపను నాలుగు మడతలు పెట్టి కుట్టి. "మోకాలి కింద ఏసుకోండి డాక్టరమ్మా. మాలాటోల్ల ఇల్లల్లో నేల గట్టిగుంటాది." దాన్ని నేల మీద పరిచి, వెంకటరత్నం భుజం పట్టుకుని, నెమ్మదిగా దిగాను. జానెడు ఎత్తున గోడ బూడిద రంగులో ఉంది. సూది ఆనించగానే కొంచెం పొడి నా చేతి మీద రాలింది. పేకాట ఆగిపోయింది.

"ఎంతండి?" అన్నాడు వెంకటరత్నం. ఈసారి వంగాల్సింది నేను, రాయాల్సింది ఆయన.

"సున్నా."

ఆయన వెంటనే రాయలేదు. గదిలో నాలుగు వైపులా కొలవమని నియమం ఉందని గుర్తు చేశాడు. నిజమే. చాప జరుపుకుంటూ నాలుగు గోడలూ కొలిచాను. సున్నా, ఒకటి, సున్నా, సున్నా. అప్పుడు రాశాడు. నేను సంతకం చేశాను, ఆయన నా సంతకం కింద తనది చేశాడు.

తగ్గిన ఆరిళ్లలో ఇక అయిదు.  ఆయన చెయ్యి అందించాడు. లేచి, పదిహేడో ఇంటి తలుపు తట్టాం.